దోనావూరు ఆశ్రయ గృహము – మనకు దానితో గల సంబంధము

1912వ సంవత్సరము ఆగస్టు నెలలో మచిలీపట్నమునందు థామస్ వాకర్ దొరగారు హఠాత్తుగా జబ్బుపడి కొలది దినములలోనే ప్రభువునందు నిద్రించిరి. ఆయన మన తెలుగు మిషనువారు కారు. తిరునెల్వేలి ప్రాంతములో చర్చి మిషనెరీ సొసైటీ పక్షమున ఇరువదియైదు సంవత్సరములకు పైగా పాటుపడిన అరవ మిషనెరీ. మచిలీపట్నపు సంఘములో ప్రత్యేక కూటములు జరుపుటకై వచ్చి, తిరిగి వెళ్లక ఇక్కడనే కన్నుమూసిరి. మచిలీపట్నమనగానే మనవారికి 1841లో అడుగిడిన నోబులు, ఫాక్సు దొరగార్లు జ్ఞాపకమునకు వత్తురు. నోబులు కాలేజీ యున్నంతవరకు ఆ పేరు నిలుచును. వాకర్ దొరగారి పేరు మాత్రము మన వృద్ధులలో సైతము ఎరిగినవారు అరుదు.

అయితే ఆయన మరణవార్త తంతి ద్వారా దక్షిణాదికి చేరినప్పుడు, పడమటి కనుమల పాదమున నున్న దోనావూరు అను చిన్న గ్రామములో ఒక పెద్ద కుటుంబము తండ్రిని పోగొట్టుకొన్నట్లు ఏడ్చెను. ఆ కుటుంబములో అప్పటికి వందకు పైగా ఆడపిల్లలుండిరి. వారిలో పలువురు దేవాలయములకు అర్పింపబడబోయినవారు, లేదా అర్పింపబడి తప్పించుకొని వచ్చినవారు. వారికి అమ్మ ఏమీ కార్మైకేల్ దొరసానిగారు. కోర్టు వ్యవహారములలోను, దస్తావేజులలోను, సంఘ పెద్దలతో మాటలాడుటలోను ఆమెకు అండగా నిలిచినవారు వాకర్ దొరగారే. ఆ యిల్లు తన అండను మన తెలుగు నేలమీద పోగొట్టుకొన్నది.

ఈ శతవత్సర సంచికలో మన అధ్యక్ష మండలపు దేవాలయములను గురించియు, ఆసుపత్రులను గురించియు, పాఠశాలలను గురించియు వ్రాయువారు అనేకులు గలరు. మేము ఆడపిల్లలకు ఆశ్రయమిచ్చిన ఇండ్లను గురించి వ్రాయదలచితిమి. గోపురమున్న కట్టడములు కావు గనుక ఇవి ఫొటోలలో అంతగా కనబడవు.

దోనావూరునకు ముందు పండిత రమాబాయిగారిని తలచుకొనక తప్పదు. 1858లో జన్మించిన ఈమెకు సంస్కృత విద్య నేర్పినవారు స్వంత తల్లిదండ్రులే. ఆడువారికి శాస్త్రము నేర్పినాడని తండ్రి అనంతశాస్త్రిగారు ఎన్నో మాటలు పడిరి. ఆ కుటుంబము క్షేత్రములు తిరుగుచు పురాణము చెప్పుకొని జీవించెను. 1870 తరువాత వచ్చిన కరవులో చేతిలోని సొమ్మంతయు అయిపోగా, వారు తిరుపతి కొండ చుట్టునున్న అడవిలో చావునకు సిద్ధపడి పదకొండు దినములు ఆకులు, నీళ్లతో గడిపిరని ఆమెయే తన సాక్ష్యములో వ్రాసిరి. కొలది దినములకే తండ్రి మరణించెను. తల్లి రాయచూరులో కన్నుమూసెను. మన చిత్తూరు అడవులలో ఆకలి ఎట్లుండునో చూచిన ఆ బాలికయే 1883లో ఇంగ్లండులో బాప్తిస్మము పొంది, 1889లో బొంబాయిలో వితంతు బాలికలకు శారదా సదనము స్థాపించెను. ఆ తరువాత పూనాకు ముప్పది మైళ్లకు పైబడిన దూరమున కేడ్గాములో ముక్తి సదనము వెలసినది. 1896-97 కరవులో రమాబాయిగారు స్వయముగా వెళ్లి దిక్కులేని బాలికలను వందల సంఖ్యలో తీసికొని వచ్చిరి. 1900 నాటి గుజరాతు కరవు తరువాత ఆ సదనములో సుమారు 2000 మంది ఉండిరి. కరవు వచ్చినప్పుడు ఆడపిల్లలకు ఆకలికంటె ముందు వచ్చునది పిల్లలను కొనువాడని ఆమె ఎరుగుదురు. అందుచేతనే అంత తొందర.

ఇక దోనావూరు. ఈ పేరు అరవ పేరు కాదు. అచ్చటి దేవాలయము కట్టుటకు ధనసహాయము చేసిన దోనా అను జర్మను ప్రభువు పేరు. ఐర్లండు దేశమున 1867లో జన్మించిన కార్మైకేల్ దొరసానిగారు కొంతకాలము జపానులో పనిచేసి, 1895లో ఇంగ్లండు సంఘపు జనానా మిషను పక్షమున బెంగుళూరు చేరి, మరుసటి సంవత్సరము తిరునెల్వేలి వెళ్లి వాకర్ దొరగారి దంపతులతో చేరిరి. ఆశ్రయ గృహము స్థాపించు తలంపు అప్పటికి ఆమెకు లేదు. అరవ క్రైస్తవ స్త్రీలు కొందరితో కలసి ఎడ్లబండిమీద ఊరూర సువార్త చెప్పుటయే పని. ఆ స్త్రీలు తమ నగలను తీసివేసి ఆమెతో తిరిగిరి. నగ లేని సుమంగళిని చూచి ఊరివారు ఏమనుకొందురో మన తెలుగు ఆడువారిని అడిగిన చెప్పుదురు. అది చిన్న త్యాగము కాదు.

1901 మార్చిలో పన్నైవిళై అను ఊరిలో ఈ పని స్వరూపమే మారిపోయెను. దగ్గరనున్న ఒక గ్రామ దేవాలయపు స్త్రీల యింటినుండి ఏడేండ్ల బాలిక ఒకతె రాత్రివేళ తప్పించుకొని పారిపోయి వచ్చినది. ఆమె పేరు ప్రీనా. అంతకు ముందొకసారి అట్లే పారిపోయి దాదాపు ఇరువది మైళ్లు నడచి తూత్తుకుడిలోనున్న తల్లిని చేరెను. వెంబడించి వచ్చిన స్త్రీలకు భయపడి ఆ తల్లి బిడ్డను మరల అప్పగించెను. శిక్షగా ఆ చేతులకు వాతలు పెట్టిరి. రెండవసారి పారిపోయినప్పుడు దేవాలయము దగ్గర ఒక క్రైస్తవ స్త్రీ ఆమెను చూచి ఆ రాత్రి తన యింట నుంచుకొని తెల్లవారగానే దొరసానిగారి యొద్దకు తెచ్చెను. ఆ బాలిక ఆమె ఒడిలో కూర్చుండి తనకు జరిగినవియు, జరుగబోవునవియు గుడ్డబొమ్మతో ఆడి చూపెనట.

చదువరులు ఇచ్చట ఒక సంగతి గమనింపవలెనని మా మనవి. తలుపు మొదట తెరచినది దొరసానిగారు కాదు. ఊరు పేరు లేని ఒక క్రైస్తవ స్త్రీ. మరునాడు దేవాలయమువారు వచ్చి అడుగుదురని ఆమెకు తెలియును. తెలిసియు ఆ రాత్రి పిల్లను పడుకొనబెట్టెను.

ఆ కాలపు వ్యవస్థ ఎట్లు నడిచినదో కొంచెము చెప్పవలెను. కొందరు మ్రొక్కుబడి చెల్లించుటకును, కొందరు పేదరికముచేతను, కొందరు దిక్కులేని వితంతువులై పెంచలేకయు ఆడశిశువులను దేవాలయపు స్త్రీలకు ఇచ్చుచుండిరి. దానికి దత్తత అని పేరు. 1860 నాటి శిక్షాస్మృతి 372, 373 సెక్షనులు మైనరు బాలికలను వ్యభిచారము నిమిత్తము అమ్ముట, కొనుట నేరమని చెప్పినవి. అయితే దత్తతయందు ఆ ఉద్దేశ్యమున్నదని ఋజువు చేయుట ఎవరి తరము? చిన్ననాడే దేవునితో పెండ్లి జరిగిపోయిన పిమ్మట సాక్షి చెప్పువారు ఎవరు? కనుక చట్టము పుస్తకములో నుండెను, పిల్లలు ఇండ్లలో నుండిరి.

ఒక మాట న్యాయముగా చెప్పవలెను. మన తెలుగు దేశములో కళావంతులని పిలువబడిన ఆ వర్గపు స్త్రీలు సంగీత నాట్యములను తరతరములుగా కాపాడిరి. క్షేత్రయ్య పదములు నేడు వినబడుచున్నవంటే వారి చలువయే. అందరి జీవితములు ఒక్కటి కావు. కార్మైకేల్ గారు 1903లో ప్రచురించిన గ్రంథములో గాని, ఆ కాలపు ఇతర దొరసానుల వ్రాతలలో గాని ఈ న్యాయము కనబడదు. అన్య మతమును గురించి వారు వాడిన మాటలు కొన్ని నేడు మన నోట రాదగినవి కావు. అయితే ఏడేండ్ల పిల్ల చేతులమీది వాతలు ఆ మాటలవలన వచ్చినవి కావు. ఈ రెండును నిజమే. ఒకదానిని చూపి రెండవదానిని కప్పరాదు.

1904లో ఒక దేశీయ గురువుగారు పాలు త్రాగు పసికందును తెచ్చి దొరసానిగారి చేతిలో పెట్టిరి. అప్పటినుండి శిశువుల రాక మొదలైనది. ఏడేండ్ల పిల్లను పెంచుట వేరు, పదిదినముల శిశువును బ్రదికించుట వేరు. తల్లిపాలు లేవు. అన్యకులపు శిశువునకు పాలిచ్చుటకు ఊరిలోని బాలింతలు ఒప్పరు. పశువుల పాలు, డబ్బాపాలు కడుపున ఇమడక మొదట వచ్చిన శిశువులలో కొందరు చనిపోయిరి. ఒక్కొక్క మరణము ఆ యింటిని క్రుంగదీసినది. వైద్యసహాయము దగ్గరలో ఉండవలెనని తిరువాన్కూరు సంస్థానములోని నెయ్యూరులో లండను మిషను ఆసుపత్రి ప్రక్కన శిశువులకొరకు ఒక యిల్లు నడపిరి. ఆ యింటి భారము వహించినవారు పొన్నమ్మాళ్ గారు.

ఈమెను గురించి మేము కొంచెము ఎక్కువ వ్రాసిన పాఠకులు క్షమింతురు గాక. పొన్నమ్మాళ్ చిన్న వయస్సుననే వితంతువయ్యెను. క్రైస్తవ కుటుంబమే గాని, వితంతువు మూలనుండవలెనను ఆచారము క్రైస్తవులను విడిచినదని ఎవరు చెప్పిరి? అట్టి యింటినుండి బయటికి వచ్చి, బండిమీద తిరిగిన స్త్రీల గుంపులో చేరి, తరువాత శిశువుల తల్లి అయ్యెను. ఆ దినములలో చదువుకొన్న అరవ క్రైస్తవ స్త్రీలు సువార్త చెప్పుటకు వత్తురు గాని శిశువుల గుడ్డలుతుకుటకు రారు. అది ఆయాల పని అని చులకన. అందులో పైకులపు లెక్కయు కొంత కలదు. పాలసీసాలు కడుగుట, రాత్రి మేల్కొనుట, జ్వరపడిన బిడ్డను భుజాన వేసికొని తిరుగుట – ఈ పనులు దేవుని పనులేనని పొన్నమ్మాళ్ గారు చేసి చూపిరి. ఉపన్యసించి చెప్పలేదు. వారిని చూచి ఇతరులు చేరిరి. అచ్చట పనిచేయువారిని పిల్లలు అక్క అనియు, విదేశీయులను పిన్ని అను అర్థమిచ్చు అరవ మాటతోను పిలిచిరి. జీతమను ఏర్పాటు లేదు. డబ్బు కొరకు ఎవరిని అడుగరాదని నియమము. పొన్నమ్మాళ్ గారు 1915లో పుట్టకురుపుతో మరణించిరి. కార్మైకేల్ గారు ఆమె జీవితచరిత్ర వ్రాయుటచేత ఆ పేరు మనకు దక్కినది. అట్లు వ్రాయబడని అక్కలు ఎందరో.

మన ప్రసంగవేదికలమీద కార్మైకేల్ గారిని గురించి సాధారణముగా చెప్పబడు కథ ఒకటున్నది. చిన్ననాడు నీలికండ్లు ఇమ్మని ప్రార్థించి నిరాశపడినదనియు, తరువాత ఆ గోధుమరంగు కండ్లే ఆమెకు భారత స్త్రీ వేషమున తిరుగుటకు ఉపయోగపడెననియు. మేమును ఆ కథ చెప్పితిమి, ఆదివారపు బడి పిల్లలు సంతోషముగా విందురు. అయితే ఆ యిల్లు నిలిచినది కండ్ల రంగుచేత కాదు. యాత్రాస్థలములలోను, రైలుస్టేషనులలోను, ఊళ్లలోను ఎక్కడ ఏ శిశువు చేతులు మారబోవుచున్నదో చెవినివేసికొని కబురు పంపిన దేశీయ క్రైస్తవులచేత, అర్ధరాత్రి బండికట్టి బయలుదేరిన స్త్రీలచేత.

ఇప్పుడు కష్టమైన భాగమునకు వత్తుము. 1909లో ఆస్తిగల కుటుంబపు బాలిక ఒకతె దోనావూరు చేరెను. ఆమె ఆస్తి విషయమై బంధువులలో తగవు. పిల్ల ఎవరికి చెందవలెనని కోర్టులో వ్యాజ్యము నడచినది. 1911 మార్చిలో తీర్పు దోనావూరునకు వ్యతిరేకముగా వచ్చెను. పిల్లను తిరిగి అప్పగింపవలెను. అప్పగింపవలసిన దినము రాకమునుపే ఆ బాలిక కనబడలేదు. మగపిల్లవాని వేషము వేసి ఎవరో ఆమెను దాటించిరి. సింహళ ద్వీపము మీదుగా చీనా దేశమువరకు వెళ్లి అచ్చటి మిషనెరీల యొద్ద సంవత్సరముల తరబడి పెరిగెను. ఆ సంగతి కార్మైకేల్ గారికి ముందు తెలియదని వారి చరిత్రకారులు వ్రాయుదురు.

మేము వేదాంత కళాశాలలో చదువుచుండగా ఈ విషయముపై మాలో పెద్ద వాదము జరిగెను. ప్రభుత్వమునకు లోబడవలెనని పౌలు చెప్పలేదా అని కొందరు. ఫరో ఆజ్ఞను ధిక్కరించి మగశిశువులను బ్రదుకనిచ్చిన మంత్రసానుల మాట ఏమని మరికొందరు. అప్పుడు మేము రెండవ పక్షము. నేడు పాస్టరుగా కొన్ని కుటుంబముల తగవులు చూచిన తరువాత మా మాట అంత గట్టిగా రాదు. పిల్ల యిష్టమే ముఖ్యమని మనమందుము. అయితే తన తల్లి యొద్దనుండి బిడ్డను సముద్రములు దాటించు అధికారము ఒక సంస్థకు ఇచ్చినయెడల, మంచివారి చేతిలో అది రక్షణ, చెడ్డవారి చేతిలో అదే అపహరణ. ఆ పిల్ల విషయములో దాటించినవారు తప్పు చేసిరని మేము ఇప్పటికిని అనలేము. అందరును అట్లు చేయవచ్చునని కూడ అనలేము. కార్మైకేల్ గారు మాత్రము తరువాతి సంవత్సరములలో ప్రతి శిశువునకు కాగితములు ఉన్నవో లేవో మరింత జాగ్రత్తగా చూచుకొన్నారనుటలో ఆశ్చర్యము లేదు. కాగితములు చదివిపెట్టు వాకర్ దొరగారు మరుసటి సంవత్సరమే మచిలీపట్నములో పోయిరి.

తరువాతి చరిత్ర క్లుప్తముగా చెప్పుదుము. 1918లో బాలురను కూడ చేర్చుకొనిరి. 1925లో జనానా మిషనుతో సంబంధము తెగిపోయెను. 1927లో దోనావూరు సహవాసమను పేరుతో రిజిస్టరు అయినది. 1931లో చీకటివేళ గోతిలో పడి కాలు విరిగిన కార్మైకేల్ గారు తరువాతి ఇరువది సంవత్సరములు దాదాపు మంచముననే గడిపి, 1951 జనవరి 18న మరణించిరి. సమాధిమీద రాయి పెట్టవద్దనిరి. పిల్లలు పిట్టలు నీళ్లు త్రాగు రాతితొట్టి ఒకటి పెట్టి, దానిమీద అమ్మ అను అర్థమిచ్చు అరవమాట ఒక్కటే చెక్కించిరి.

ఇది క్రైస్తవులే చేసిన పని అని అతిశయించుటకు వీలు లేదు. దేవదాసి కుటుంబములో పుట్టిన తల్లికి బిడ్డయైన డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారు మద్రాసు శాసనమండలిలో నిలిచి పోరాడిరి. 1930లో కొందరు దేవదాసి బాలికలు హాస్టళ్లలో చోటు దొరకక ఆమె తలుపు తట్టగా తన యింటనే వారినుంచుకొనిరి. అదియే అవ్వై ఇల్లము. దేవదాసి సమర్పణమును నిషేధించు మద్రాసు చట్టము 1947లో వచ్చినది. మన రాష్ట్రములో, ముఖ్యముగా తెలంగాణములో జోగినుల పేరిట, సీమలో బసివినుల పేరిట ఆ ఆచారము ఆ తరువాతను నడిచెను. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రత్యేక చట్టము చేయవలసి వచ్చినది.

ఆ చట్టము వెనుకనున్న కృషిలో నిజామాబాదు జిల్లా వర్నిలో జోగినుల మధ్య పనిచేసిన హేమలతా లవణంగారి పాలు పెద్దది. ఆమె మన వినుకొండ కవి జాషువాగారి కుమార్తె. నాస్తిక కేంద్రపు కోడలు. జోగినులకును వారి పిల్లలకును ఆమె నడిపిన ఆశ్రయమునకు చెల్లి నిలయమని పేరు పెట్టిరి. దోనావూరులో అక్క, వర్నిలో చెల్లి – ఆమె ప్రభువు నామమెత్తలేదు. జోగినులుగా చేయబడినవారు ఏ వాడల పిల్లలు? అధికభాగము మాలపల్లె, మాదిగపల్లెల పిల్లలు. మన సంఘములు ఎచ్చట పుట్టినవో ఆ వాడలే. మన ఉపదేశులు ప్రతివారము నడచిన సందులే. పోతరాజుల డప్పు వినబడిన రాత్రి మనము ఏ యింట నుంటిమి? ఈ ప్రశ్న ఇతరులను అడుగుటకు వ్రాయలేదు. మాకు తెలిసిన గ్రామములలోనే ఇట్టి కుటుంబములుండెనని మేము పాస్టరైన తరువాత గాని ఎరుగము. ఎరుగకపోవుటకు కారణము అడుగకపోవుటయే.

వేదాంత విద్యార్థిగా నున్నప్పుడు అరవ సహవిద్యార్థితో కలసి మేము ఒకసారి దోనావూరు చూడబోతిమి. ఎర్రమట్టి, పెంకుటిండ్లు, వెనుక నీలముగా కొండలు, ప్రార్థన మందిరమునుండి గంటల ధ్వని. వృద్ధురాలైన ఒక అక్కగారు మమ్ము కూర్చుండబెట్టి కాఫీ యిచ్చి, మీ ఊరిలో ఆడపిల్లల హాస్టలున్నదా అని అడిగిరి. ఉన్నదంటిమి. పిల్లలను చూచుకొనువారి పేరేమి అనిరి. మాట్రనమ్మగారు అంటిమి. అది పేరా అని ఆమె నవ్విరి. మేము పుట్టి పెరిగిన ఊరు, ఆ మాట్రనమ్మగారి చేతి మజ్జిగ త్రాగినవారము, మాకు ఆమె పేరు తెలియదు.

నేడు ఇట్టి గృహము నడుపుట మునుపటివలె కాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము ప్రతి బాలల గృహము రిజిస్టరు కావలెను. సంరక్షణ అవసరమైన బిడ్డను 24 గంటలలోగా శిశు సంక్షేమ సమితి ఎదుట హాజరుపరచవలెను. రాత్రి తలుపు తట్టిన పిల్లను చేర్చుకొని ఊరకుండుట నేడు చెల్లదు. మనవారిలో కొందరు దీనిని మిషను పనికి అడ్డుగా తలచి సణుగుదురు. మేము అట్లు తలపము. ఆశ్రయమను పేరు పెట్టుకొన్న ఇండ్లలోనే పిల్లలకు హాని జరిగిన సంగతులు మన దేశములో ఎన్ని బయటపడలేదు? క్రైస్తవ బోర్డు కట్టినంత మాత్రమున గోడ గట్టిపడదు. బయటివారు వచ్చి రిజిస్టరు చూచుట, పిల్లలతో మనము లేకుండ మాటలాడుట మంచిదే. 1911లో అట్టి సమితి ఒకటి ఉండి ఆ బాలికను ఏకాంతముగా అడిగియున్నయెడల చీనా ప్రయాణము అవసరముండెడిది కాదేమో.

ఈ వ్యాసము నిమిత్తము మేము మన అధ్యక్ష మండలపు పాత నివేదికలు కొన్ని తిరుగవేసితిమి. బాలికల బోర్డింగు స్కూళ్ల పుటలలో దొరసానుల పేర్లు, వారు సెలవుమీద వెళ్లిన తేదీలు, తిరిగి వచ్చిన తేదీలు వరుసగా నున్నవి. పిల్లల సంఖ్య ఉన్నది. బియ్యము ధర కూడ ఉన్నది. రాత్రులు ఆ పిల్లల నడుమ చాపవేసికొని పడుకొన్నవారి చోట మాట్రన్ – 1, వంటమనిషి – 2, కావలి – 1 అని మాత్రమే వ్రాసియున్నది. మీలో ఆ బోర్డింగులలో చదివినవారు, మీ తల్లులు, మీ అమ్మమ్మలు చదివినవారు ఉందురు. ఆ మాట్రన్‌ల పేర్లు, ఊళ్లు, పనిచేసిన సంవత్సరములు మీకు తెలిసినయెడల ఒక కార్డు ముక్క మీద వ్రాసి మండల కార్యాలయమునకు పంపుడి. తెలిసినంతే వ్రాయుడి. ఇంటిపేరు తెలియకున్నను ఫరవాలేదు. వృద్ధులున్న యిండ్లవారు ఆలస్యము చేయవద్దని మనవి.